బ్రౌజర్‌లో ఏది మేలు: మౌసా, షార్ట్‌కట్లా?

కీబోర్డ్ షార్ట్‌కట్లు (రెండు మూడు కీలు కలిపి నొక్కి పని చేయించుకోవడం) నేర్చుకున్న కొత్తలో ఊపు మీద మౌస్‌ని తీసి డ్రాయర్‌లో పడేశాను. నాలుగో రోజుకి మళ్లీ బయటికి తీయక తప్పలేదు. లింకు నొక్కడంలో మౌస్‌ని మించింది లేదు. ట్యాబుల దగ్గర మాత్రం అది శుద్ధ దండగ.

ఇరవై ట్యాబులు తెరిస్తే ఒక్కోటీ గోరంత సన్నబడిపోతుంది. మూసే ఇంటూ గుర్తు తగలకుండా దాని మీద క్లిక్ చేయడమంటే సూదిలో దారం ఎక్కించడమే. అదే కంట్రోల్ పట్టుకుని ట్యాబ్ కీ కొడితే పక్కదానికి, షిఫ్ట్ కూడా కలిపితే వెనకదానికి వెళ్లిపోతాం. కంట్రోల్‌తో 1 నుంచి 8 దాకా ఏ అంకె నొక్కితే వరసలో ఆ ట్యాబు వస్తుంది. 9 నొక్కితే మాత్రం, ఎన్ని ఉన్నా సరే, చిట్టచివరిదే. ఇది తెలియక చాలాకాలం లెక్క నేనే తప్పుతున్నాననుకున్నాను.

పొరపాటున మూసిన ట్యాబుని తిరిగి తెచ్చేది కంట్రోల్, షిఫ్ట్, టి. ఒక్కటే నేర్చుకుంటాం అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. క్రోమ్‌లో చూసినవేవీ గుర్తుపెట్టుకోని ఇన్‌కాగ్నిటో విండోలో మూసింది మాత్రం రాదు.

షార్ట్‌కట్లతో ప్రమాదమూ ఉంది. ఓసారి పొడుగాటి ఫారం నింపుతూ, అంతా సెలెక్ట్ చేద్దామని కంట్రోల్ ఏ నొక్కబోయి డబ్ల్యూ మీద వేలేశాను. అది ట్యాబుని మూసేసే షార్ట్‌కట్. పేజీ మాయం! ట్యాబుని వెనక్కి తెచ్చుకున్నాను గానీ ఫారం ఖాళీగా నవ్వింది. ఒకప్పుడు బ్యాక్‌స్పేస్ నొక్కితే వెనకటి పేజీకి పోయేది. కర్సర్ పెట్టెలోనే ఉందనుకుని ఓ అక్షరం చెరపబోతే రాసిందంతా గల్లంతయ్యేది. అందుకే క్రోమ్‌లో 2016లో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణం కొట్టాలి.

లింకుల దగ్గరికొస్తే కీబోర్డ్ నీరసపడుతుంది. ట్యాబ్ కీ కొట్టుకుంటూ పోతే మెనూలు, లాగిన్‌లు అన్నీ దాటాకగానీ కావలసింది రాదు. మౌస్‌కి ఒక్క క్లిక్కు. మధ్యలో చక్రం నొక్కితే లింకు వెనకాల కొత్త ట్యాబులో తెరుచుకుంటుంది కూడా. దీనికి జవాబుగా విమియం అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఉంది. ఎఫ్ నొక్కగానే ప్రతి లింకు మీదా అక్షరాల చీటీ అంటిస్తుంది, ఆ అక్షరాలు కొడితే లింకు తెరుచుకుంటుంది. సరదాగానే ఉంటుంది. కానీ కర్సర్ టైపు చేసే పెట్టెలో ఉంటే ఎఫ్ వట్టి అక్షరమే, ముందు ఎస్కేప్ కొట్టి బయటపడాలి. నాకు అంత ఓపిక లేదు.

నిజానికి టైము తినేది మౌస్ నుంచి కీబోర్డ్‌కీ, మళ్లీ వెనక్కీ చేయి తిరగడమే. అందుకని కుడిచేయి మౌస్ మీదే ఉంచి, ఎడమచేతికి అందే షార్ట్‌కట్లే వాడుతున్నాను: కొత్త ట్యాబుకి టి, వెతకడానికి ఎఫ్, రీలోడ్‌కి ఆర్, అన్నీ కంట్రోల్‌తోనే. అడ్రస్ బార్‌కి అందరూ కంట్రోల్ ఎల్ అంటారు. ఎల్ ఉండేది కుడిపక్కన. విండోస్‌లో ఆల్ట్ డి అదే పని చేస్తుంది, మౌస్ వదలక్కర్లేదు. మ్యాక్‌లో ఆ సుఖం లేదు, కమాండ్ ఎల్‌తోనే సరిపెట్టుకోవాలి.

ఎడమచేత్తో మౌస్ పట్టేవాళ్లకి ఈ లెక్కంతా తిరగబడుతుంది. వాళ్లకి కంట్రోల్ ఎల్ చేతికిందే ఉన్నట్టు.