బీట్‌రూట్ బిళ్ల లేని బర్గర్‌కి 32 డాలర్లు

మెల్‌బోర్న్ నుంచి సముద్రం పక్కనే సాగే గ్రేట్ ఓషన్ రోడ్ వెళ్లేవాళ్లు ఎవరైనా సరే, దారిలో వచ్చే లోర్న్ ఊళ్లో సముద్రం కనిపించే టేబుల్ కోసం ఆశపడకండి. మేం ఈస్టర్ సోమవారం వెళ్లి బుక్కయిపోయాం. ఆస్ట్రేలియా బర్గర్‌లో గుడ్డు, పైనాపిల్, బీట్‌రూట్ అన్నీ ఉంటాయని మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉండే మా బావమరిది దారంతా ఊరిస్తూ వచ్చాడు. మెనూలో 'ఆసీ బర్గర్' 28 డాలర్లు. తీరా వచ్చింది చూస్తే నిగనిగలాడే తియ్యటి బన్ను, మధ్యలో మాంసం, పక్కన చెంచాడు బీట్‌రూట్ పచ్చడి. గుడ్డు లేదు, పైనాపిల్ లేదు. అడిగితే, గుడ్డుకి ఇంకో 4 డాలర్లవుతుందని తల కూడా ఎత్తకుండా చెప్పింది ఆ అమ్మాయి.

బిల్లు చూశాక అసలు మంట. పబ్లిక్ హాలిడే అని 15 శాతం, కార్డు వాడినందుకు 1.5 శాతం. 28 కాస్తా 32.68 అయి కూర్చుంది. ఇదేంటని అడిగితే తలుపు పక్కన అంటించిన చిన్న కాగితం చూపించారు. సెలవు రోజున పనివాళ్లకి జీతం ఎక్కువివ్వాలి కాబట్టి ఇక్కడ చాలా హోటళ్లు ఇలా వేస్తాయి. ముందే రాసిపెడితే తప్పు కాదట. "రేపు రావాల్సింది బావా" అన్నాడు మావాడు, శుభ్రంగా తినేశాక. మా ఆవిడ సాయంత్రం దాకా వాడితో మాట్లాడితే ఒట్టు. అత్తగారు మాత్రం కార్లో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని హాయిగా ఉన్నారు.

ఆ రాత్రి అపాలో బేలో మోటెల్ 165 డాలర్లు, పేరు పెట్టడానికి లేదు. సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు, ట్వెల్వ్ అపోజిల్స్, మర్నాడు పొద్దున్నే చూసేశాం, గాలి విపరీతం.

తిరుగు దారిలో కోలాక్ దాటాక హైవే పక్కన ఓ పాత ఫిష్ అండ్ చిప్స్ కొట్టు కనిపించింది. బయట రెండు ప్లాస్టిక్ కుర్చీలు, అంతే. నడిపేది గ్రీకు మూలాలున్న పెద్దాయన. 1971లో సిడ్నీ దగ్గర యాగూనాలో మెక్‌డొనాల్డ్స్ తెరవకముందు ఈ దేశంలో బర్గర్ తినాలంటే ఇలాంటి కొట్లకో, మిల్క్ బార్లనే చిన్న వీధి కొట్లకో వెళ్లేవాళ్లు. వాటిలో చాలావాటిని నడిపింది గ్రీకులే. బోర్డు మీద 'బర్గర్ విత్ ద లాట్, 17.50' అని ఉంది, అంటే అన్నీ వేసిన బర్గర్. మేం వెళ్లింది మంగళవారం కాబట్టి అదనపు వడ్డింపు ఏమీ లేదు.

పెద్దాయన పెనం మీద మాంసం పరిచి, పక్కనే ఉల్లిపాయలు, బేకన్, ఓ పైనాపిల్ చక్రం వేశాడు. గుడ్డు కొట్టి, పచ్చసొనని గరిటె అంచుతో చిదిమాడు. బన్నుని కోసి, లోపలి వైపు అదే పెనానికి ఆనించి కాల్చాడు. చివర్లో డబ్బాలోంచి రెండు బీట్‌రూట్ బిళ్లలు పటకారుతో తీసి, రసం విదిలించి పెట్టాడు. ఆ పైన చీజ్, టమాటా, సన్నగా తరిగిన లెట్యూస్, టమాటా సాస్. తెల్ల కాగితంలో చుట్టి చేతికిచ్చాడు. రెండు చేతులతో పట్టుకున్నా ఎర్రటి రసం మోచేతి దాకా కారింది. చొక్కా పోయింది, పోనీండి. మాంసం ఉప్పన, పైనాపిల్ తీపి, వెనిగర్‌లో నానిన బీట్‌రూట్ పులుపు ఒకే ముద్దలో తగులుతుంటే లోర్న్ మీద కోపం ఇంకా పెరిగింది. ఆ పులుపు లేకపోతే ఈ బర్గర్ బరువు తప్ప ఇంకేం లేదు. పచ్చడిలో అది రాదు. ఇంట్లో ఉడకబెట్టిన బీట్‌రూట్ వేసినా రాదనుకుంటాను, డబ్బాదే ఉండాలి.

బీఫ్ తినని మా ఆవిడకి మాంసమూ బేకనూ తీసేసి, రెండు గుడ్లతో చేసిచ్చాడు, 12 డాలర్లు. అదే పెనం అని ముందే చెప్పాడు కూడా. ఆవిడ ఓ క్షణం ఆలోచించి తినేసింది, తమ్ముడితో మాటలు కూడా కలిశాయి.

అత్తగారు చిప్స్ రుచి చూస్తానన్నారు. ఇక్కడ చిప్స్ మీద చల్లే చికెన్ సాల్ట్ అనే మసాలా ఉప్పు వద్దని చెప్పి, 5 డాలర్ల పొట్లం తీసుకున్నాం. ఎందుకైనా మంచిదని ఏ నూనె అని అడిగితే బీఫ్ కొవ్వు అన్నాడాయన. అన్ని కొట్లలోనూ అది వాడరు గానీ, శాకాహారులు ఆర్డర్ ఇచ్చే ముందే అడగాలి, ఎందుకంటే బోర్డు మీద రాయరు. ఆ పొట్లం నేనూ మా బావమరిదీ ఖాళీ చేశాం. అత్తగారు మిగిలిన పులిహోర తీశారు.