స్టాండ్ మీద వెన్నలా పడే గేర్లు: రెండు షాపులు, రెండు బిల్లులు

నాది షిమానో టియాగ్రా గేర్ సెట్టున్న 10-స్పీడ్ (వెనక పది గేర్లు) రోడ్ సైకిల్, నాలుగేళ్ల బండి. రెండు నెలల కిందట దానికో రోగం పట్టుకుంది, నేను లివర్ ముట్టుకోకుండానే గేరు మారిపోతోంది. చదునుగా ఉన్న రోడ్డు మీద ఏమీ ఉండదు, హైదరాబాద్‌లో గండిపేట వైపు ఎత్తు వచ్చి సీటు మీంచి లేచి గట్టిగా తొక్కానా, టక్‌మని పక్క గేరుకి దూకి మళ్లీ వెనక్కొచ్చేది. కాలు గాల్లోకి జారినట్టయ్యి గుండె ఝల్లుమనేది, ఒకసారైతే హ్యాండిల్ మీద బోర్లా పడబోయా.

ముందు పెద్ద షోరూమ్‌కే తీసుకెళ్లా. పేరు రాయను, గొడవెందుకు. ఏసీ, సోఫా, కాఫీ మెషీన్, అన్నీ ఉన్నాయి. ఫుల్ సర్వీస్ 1,800. సాయంత్రానికి బండి తళతళలాడుతూ ఇచ్చారు, స్టాండ్ మీద పెట్టి చేత్తో పెడల్ తిప్పి చూపిస్తే గేర్లు వెన్నలా పడ్డాయి. పడవా మరి, స్టాండ్ మీద నా 78 కేజీల బరువు లేదు కదా! మర్నాడు అదే ఎత్తులో అదే టక్కు. మళ్లీ వెళ్తే బ్యారెల్ అడ్జస్టర్ (గేరు కేబుల్ బిగువు సరిచేసే మర) అర చుట్టు తిప్పి పంపించారు, దాంతో పెద్ద పళ్ల గేర్లు సర్దుకున్నాయి గానీ చిన్నవాటిలో కరకర మొదలైంది. మూడోసారి వెళ్తే "సార్, చైనూ క్యాసెట్టూ అరిగిపోయాయి, రెండూ మార్చాల్సిందే, 4,500 అవుద్ది" అన్నాడు అక్కడి మెకానిక్. క్యాసెట్ అంటే వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తి. నా దగ్గర చైను అరుగుదల కొలిచే చైన్ చెకర్ ఉంది, ఇంటికొచ్చి పెట్టి చూస్తే 0.5 వైపే లోపలికి దిగలేదు, అంటే చైను అంతగా అరగలేదు. పైగా చైను అరిగితే ఉన్న గేరు మీదే పళ్లు దాటి జారుతుంది గానీ ఇలా పక్క గేరుకి పోయి రాదు, ఈ తేడా మెకానిక్‌కి తెలియకపోతే ఎలా?

ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్ఆర్) సైకిల్ ట్రాక్ మీద రోజూ కనిపించే ఒకాయన చెప్తే నార్సింగి దగ్గర ఒక చిన్న షాపుకి వెళ్లా. షట్టరు, బల్ల, గోడకి పానాలు, అంతే. ఆయన బండి ముట్టుకోకముందే "అన్నా, కుడి పక్కకి ఎప్పుడన్నా పడ్డదా?" అనడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది, సెల్లార్‌లో పిల్లలు క్రికెట్ ఆడుతూ పడేశారు, గీత కూడా పడలేదని నేనే వదిలేశా.

వెనక డిరైలర్ (కుడి పక్కన ఉండి చైనుని గేరు నుంచి గేరుకి జరిపేది) విప్పి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న ముక్కకి ఒక పొడుగు కడ్డీ లాంటి గేజ్ బిగించాడు. దాని కొసని కింద రిమ్‌కి ఆనించి, వాల్వ్ దగ్గర గుర్తు పెట్టుకుని చక్రాన్నీ కడ్డీనీ కలిపి పైకి తిప్పితే అక్కడ వేలు దూరేంత సందు! అంటే హ్యాంగర్ లోపలికి వంగింది. 10-స్పీడ్‌లో గేరుకీ గేరుకీ మధ్య 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఆ కాస్త వంకరకే చైను పక్క గేరుని రాసుకుంటూ పోతుంది, గట్టిగా తొక్కినప్పుడు ఫ్రేము కొంచెం ఊగితే చాలు, ఎక్కేస్తుంది. ఒక పక్క సరిచేస్తే ఇంకో పక్క చెడడం కూడా అందుకేనట. ఆ కడ్డీతోనే కొద్దికొద్దిగా లాగుతూ, ప్రతిసారీ నాలుగు వైపులా కొలుస్తూ సరిచేశాడు. తర్వాత డిరైలర్ దగ్గరి చిన్న ఔటర్ (కేబుల్ మీది తొడుగు) ముక్క తీసి అరచేతిలో దులిపితే తుప్పు పొడి రాలింది, వానాకాలం నీళ్లు అక్కడే చేరతాయంట, కేబులూ ఔటరూ మార్చేశాడు. మొత్తం 750. ఆ తర్వాత అదే ఎత్తు పదిసార్లు ఎక్కా, ఒక్కసారి కూడా దూకలేదు.

షోరూమ్‌కి 1 స్టార్, అదీ కాఫీకి. ఈయనకి నాలుగున్నర. అర స్టార్ ఎందుకు కోశానంటే ఫోన్ ఎత్తడు, ఆదివారం పొద్దున వెళ్తే పది దాటినా మన వంతు రాదు, కూర్చోడానికి ఒక స్టూలు కూడా లేదు.

ఇంకోటి, హ్యాంగర్ మెత్తటి అల్యూమినియం, మళ్లీ మళ్లీ వంచితే విరుగుద్ది, స్పేర్ ఒకటి పెట్టుకోమన్నాడు. ఆర్డర్ పెడితే మొదటిసారి తప్పు మోడల్ వచ్చింది. ఫ్రేముని బట్టి దాని షేపు మారుద్ది, పాతది ఊడదీసి బోల్టు రంధ్రాలు కూడా ఫొటోతో పోల్చుకుని కొనండి.