హంపీకి ఒంటరిగా: ముందు తేల్చుకోవలసింది బస

విజయనగరం గురించి బడి పుస్తకాల్లో చదువుకున్న తెలుగువారికి హంపీ కొత్త పేరు కాదు. అయినా అక్కడికి ఒంటరిగా, అందునా ఆడమనిషిగా బయలుదేరేటప్పుడు 1336 నాటి రాజ్యస్థాపన, 1565 నాటి పతనం కంటే ముందుగా ఆలోచించవలసింది రాత్రి బస ఎక్కడ, చీకటి పడేలోగా అక్కడికి చేరడం ఎలా అన్నదే. సంక్రాంతి దాటిన వారంలో నేను మూడు రాత్రులు అక్కడ గడిపాను. మొదటి రెండు రాత్రులు హంపీకి దగ్గరి పట్టణమైన హోసపేటలో, మూడవది హంపీ ఊళ్లో ఉన్నాను. ఈ వరుస తిరగబడి ఉంటే బాగుండేదని రెండో రోజుకే అర్థమైంది.

ప్రయాణం పెద్ద చిక్కేమీ కాదు. విజయవాడ, గుంటూరు వైపువారు అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా నేరుగా హోసపేటలో దిగవచ్చు. హోసపేట నుంచి హంపీ 13 కిలోమీటర్లు. బస్‌స్టాండులో పొద్దుటి నుంచీ ఆర్టీసీ బస్సులు దొరుకుతూనే ఉంటాయి. బస్సులో కండక్టరు ఆధార్ కార్డు అడిగితే కంగారుపడనక్కరలేదు. 2023 జూన్ నుంచి అక్కడ మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది కాని అది కర్ణాటక నివాసులకే పరిమితం. నా కార్డు మీద తెలుగు అక్షరాలు చూసి ఆయన నవ్వి టికెట్ కొట్టి చేతికిచ్చాడు. బస్‌స్టాండు పక్క బండి మీద తిన్న ఒగ్గరణె (బొరుగుల తాలింపు), మిరపకాయ బజ్జీలు మాత్రం అనంతపురంలో తినే ఉగ్గాని బజ్జీలకు తోబుట్టువులే.

అసలు ఇబ్బంది గది దగ్గర ఎదురైంది. హోసపేటలో ఒక లాడ్జిలో ఆన్‌లైన్‌లో గది తీసుకుని, డబ్బు కూడా కట్టి వెళితే, కౌంటరు వెనుక కూర్చున్న వ్యక్తి నా గుర్తింపు కార్డును రెండు వైపులా తిప్పి చూసి, వెంట ఎవరూ లేరా అని అడిగి, ఒంటరి ఆడవాళ్లకు గది ఇవ్వమని చెప్పాడు. బుకింగ్ కాగితం చూపించినా, అది యాప్‌వాళ్లు చేసిన పని, మాకు సంబంధం లేదన్నాడు. అరగంట వాదించాక డబ్బు వాపసు ఇచ్చేందుకు ఒప్పుకున్నాడు కాని గది మాత్రం ఇవ్వలేదు. అదే వీధిలో మరో చోట కాస్త ఎక్కువ అద్దెకు గది దొరికింది. అందుకే బుక్ చేసిన వెంటనే లాడ్జికే ఫోన్ చేసి, ‘ఒక్కదాన్నే వస్తున్నాను, అభ్యంతరమేమైనా ఉందా’ అని నేరుగా అడగడం మంచిదని నా అభిప్రాయం. యాప్‌లో కనిపించే నక్షత్రాలు ఈ సంగతి చెప్పవు.

హోసపేటలో గదులు సౌకర్యంగానే ఉంటాయి. ఏటీఎంలు, మందుల షాపులు, రాత్రి పూట భోజనం, అన్నీ అందుబాటులో ఉంటాయి. కుటుంబంతో కారులో వచ్చేవారికి ఇదే సరైన చోటు. ఒంటరివారికి మాత్రం ఇక్కడ లెక్క మారుతుంది, ఎందుకంటే ఆటోను రోజంతా మాట్లాడుకుంటే నలుగురు పంచుకునే బాడుగను ఒక్కరే భరించాలి. బస్సునే నమ్ముకుంటే, సూర్యోదయమూ సూర్యాస్తమయమూ చేజారిపోతాయి. హంపీలో చూడవలసిన వెలుగంతా ఆ రెండు వేళల్లోనే ఉంది.

విరూపాక్షాలయం పక్కనే జనతా ప్లాట్ అనే ఇరుకు సందుల్లో ఇంటివాళ్లే నడిపే గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి. గుడి ముందరి పాత మండపాల్లోని అంగళ్లను, ఇళ్లను 2011లో తొలగించాక బస అంతా ఈ సందుల్లోకే చేరింది. నేను ఉన్న గది చిన్నది, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చి ఇచ్చారు, గోడ అవతలి మాటలన్నీ వినిపించాయి. అయినా తెల్లవారకముందే చెప్పులు వేసుకుని ఐదు నిమిషాల్లో హేమకూటం గుట్ట ఎక్కగలిగాను, ఇంటావిడ తెలుగులోనే పలకరించి కాఫీ ఇచ్చింది. మాతంగ పర్వతం మీది నుంచి సూర్యోదయం ఇంకా గొప్పగా ఉంటుందని అందరూ అంటారు కాని చీకట్లో ఆ బండల దారిన ఒంటరిగా వెళ్లడాన్ని నేను సమర్థించను. హేమకూటం గుడిని ఆనుకునే ఉంది, ఎప్పుడూ నలుగురు మనుషులు కనిపిస్తారు.

ఊళ్లో ఉండడంలో మరో లాభం నడక. గుడి నుంచి తుంగభద్ర గట్టు వెంట కోదండరామాలయం, సుగ్రీవ గుహ మీదుగా సుమారు 2 కిలోమీటర్లు నడిస్తే విఠలాలయం వస్తుంది. వాహనంలో వెళ్లేవారు మరో వైపునుంచి చుట్టు తిరిగి వచ్చి, గెజ్జల మండపం దగ్గర బ్యాటరీ బండ్ల వరుసలో నిలబడాలి. పురావస్తు శాఖవారి 40 రూపాయల టికెట్ ఒకటి కొంటే అదే రోజున విఠలాలయం, లోటస్ మహల్ ఉన్న జనానా (రాణివాసం) ప్రాంగణం, కమలాపురం మ్యూజియం మూడూ చూడవచ్చు. కాబట్టి ఈ మూడింటినీ ఒకే రోజున పెట్టుకోవాలి, మ్యూజియానికి శుక్రవారం సెలవని గుర్తుంచుకోవాలి. ఉగ్ర నరసింహుడికి, కడలెకాళు గణపతికి టికెట్ అక్కరలేదు. కడలెకాళు అంటే మన శనగలే. శనగబేడ అంత నునుపైన ఆ పొట్ట ముందు నిలబడితే పేరు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక నది అవతలి ఒడ్డు. ఒకప్పుడు విదేశీయులతో కిటకిటలాడిన విరూపాపుర గడ్డలోని రిసార్టులను సుప్రీంకోర్టు తీర్పు తరువాత 2020లో కూల్చివేశారు. ఇప్పుడు బస ఆనెగొంది, సానాపూర్ వైపు హోమ్‌స్టేలలో దొరుకుతుంది. పొలాలు, కొబ్బరితోటలు, ప్రశాంతత కోరేవారికి అంతకంటే మంచి చోటు లేదు. అయితే 2025 మార్చిలో సానాపూర్ దగ్గర కాలువ గట్టున రాత్రివేళ పర్యాటకులపై జరిగిన దారుణం తెలిసినదాన్ని కనుక, ఆ వైపు పగలు మాత్రమే వెళ్లాలని ముందే నిర్ణయించుకున్నాను. స్నేహితులతో వెళితే నా అభిప్రాయం వేరుగా ఉండేదేమో.

పగటిపూట పడవలో దాటి, ఆటో మాట్లాడుకుని, 575 మెట్లున్న అంజనాద్రి ఎక్కాను. హనుమంతుడి జన్మస్థలం ఇదేనని అక్కడివారు, కాదు తిరుమల కొండేనని మనవారు వాదించుకుంటున్న సంగతి తెలిసిందే. పైనుంచి కనిపించే వరిమళ్లకు, బండల గుట్టలకు ఆ గొడవతో పని లేదు. దిగి రేవుకు వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది. ఆఖరి పడవ దాటిపోతే బుక్కసాగర వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి, ఆ వేళ ఆటోవాలా చెప్పిందే బాడుగ. వర్షాకాలంలో డ్యాము గేట్లు ఎత్తినప్పుడైతే పడవలే ఆపేస్తారు. అందుకని పొద్దున దాటేటప్పుడే పడవవాడిని ఆఖరి పడవ వేళ అడిగి చేతి మీద రాసుకున్నాను, అతనేమో నన్ను చూడగానే ‘రండి రండి, మీకోసమే ఆపాను’ అని కన్నడ యాసలో అన్నాడు. పడవలో అప్పటికే పాతికమంది, మూడు మోటారు సైకిళ్లు ఉన్నాయి.