ఎరుపు చూసి వదులుకున్న ఇల్లు: ఒక భద్రత మ్యాప్ యాప్‌తో నాలుగు నెలలు

ఐదుకు రెండు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ రెండూ మ్యాప్ కోసం కాదు, లోపలెక్కడో దాచిపెట్టిన ఒక చిన్న సదుపాయం కోసం. దాని సంగతి తరువాత చెబుతాను. యాప్ పేరు రాయడం లేదు. ఇల్లు మారేవాళ్ళకు ఏ పేట ఎంత సురక్షితమో మార్కులు వేసి చూపే యాప్‌లు ఇంకో రెండు కూడా వాడి చూశాను. నేను చెప్పబోయే లోపం మూడింటిలోనూ ఉంది.

బదిలీ కావడంతో నెల రోజుల్లో కొత్త నగరంలో ఇల్లు చూసుకోవలసి వచ్చింది. ఉండేది ముగ్గురం: నేను, పదమూడేళ్ళ మా అమ్మాయి, అరవై ఎనిమిదేళ్ళ మా అమ్మ. ఆరేళ్ళ కిందట మేము ఇంట్లో లేని రాత్రి తాళం పగలగొట్టి దొంగలు పడ్డారు. పోయినవి పెద్ద వస్తువులేమీ కావు. కానీ బీరువాలోని బట్టలన్నీ నేల మీద పడేసి, వాటి మీదుగా నడిచి వెళ్ళిన చెప్పుల గుర్తులను అమ్మ ఇప్పటికీ మరచిపోలేదు. రాత్రి గడియ వేసిన తరువాత మూడుసార్లు లేచి చూసుకుంటుంది. కాబట్టి నేరాల భయాన్ని తేలిగ్గా తీసిపారేసే మనిషిని కాను నేను. ఈ యాప్ దించుకున్నది కూడా అమ్మ కంటి నిండా నిద్రపోయే ఇల్లు దొరకాలనే.

యాప్ తెరవగానే నగరం మొత్తం గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. ఒక్కో గడికి ఒక్కో రంగు: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. గడి మీద నొక్కితే వందకు ఇన్ని అని భద్రత మార్కులు వస్తాయి. తెర అందంగా ఉంది, మ్యాప్ చురుగ్గా కదులుతుంది, నా పాత ఫోనులో కూడా ఎక్కడా ఆగిపోలేదు. ముక్కూ మొహం తెలియని ఊరిలో ఇల్లు వెతుక్కునేవాళ్ళకు ఆ రంగులు ఎంత ఊరటో అనుభవిస్తేనే తెలుస్తుంది. మొదటి రాత్రే ఎరుపు గళ్ళలో ఉన్న ఇళ్ళన్నీ కొట్టివేసి, పెద్ద జాబితాను తొమ్మిదింటికి తగ్గించాను. ఒక్క ఇంటి ముందైనా నిలబడి చూడకుండానే.

అలా కొట్టివేసిన వాటిలో ఒక ఇల్లు ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంది. మొదటి అంతస్తులో రెండు గదులు, వెలుతురు ధారాళంగా వచ్చే వంటిల్లు. అమ్మాయి బడికి పన్నెండు నిమిషాల నడక. వీధి దాటితే ఆసుపత్రి. అమ్మ రక్తపోటు చూపించుకోవడానికి నెలనెలా వెళ్ళవలసిన మనిషి. భద్రత మార్కులు మాత్రం 31. ఇంటి యజమానురాలు ఫోనులో ఎంతో ఓపికగా మాట్లాడారు. “ఒకసారి వచ్చి చూడండమ్మా, నచ్చకపోతే మానేద్దురుగాని” అన్నారు. నేను వెళ్ళలేదు. కారణం కూడా చెప్పలేదు. మీ వీధి ఎర్రగా ఉందని ఏ నోటితో చెప్పను? చివరికి 86 మార్కులున్న శివారు కాలనీలో ఇల్లు తీసుకున్నాను.

చేరిన రెండో నెలలో తెలిసింది, ఆఫీసులో నా పక్కనే కూర్చునే సహోద్యోగి పదకొండేళ్ళుగా ఆ ఎరుపు గడిలోనే ఉంటున్నారని. నేను ఇల్లు వదులుకున్న కారణం చెబితే ఆమె నొచ్చుకున్నారు. “మా పిల్లలిద్దరూ ఆ వీధిలోనే ఆడుకుని పెరిగారండీ” అన్నారు, అంతే. ఆ సాయంత్రం యాప్‌ను మొదటిసారి ఓపికగా చదివాను.

గడి నొక్కి, అడుగున సన్నటి అక్షరాల్లో ఉన్న ‘వివరాలు’ నొక్కి, అక్కడి నుంచి ‘నేరాల రకాలు’ నొక్కితే గానీ అసలు లెక్క బయటపడదు. ఆ ఎరుపులో సింహభాగం బస్ స్టేషన్‌లో జేబు దొంగతనాలు, ఫోన్ల చోరీలు, ఆసుపత్రి ముందు నిలిపి ఉంచగా పోయిన ద్విచక్ర వాహనాలు. ఇళ్ళలో పడిన దొంగతనాలు ఏడాది మొత్తానికి రెండు. మా ఆకుపచ్చ కాలనీలో ఐదు. మా అమ్మ భయమల్లా ఇంట్లో దొంగలు పడడం గురించే. సరిగ్గా ఆ ఒక్క విషయంలో యాప్ నన్ను తప్పు ఇంటికి పంపింది.

ఇక మార్కులు వేసే పద్ధతి. నమోదైన నేరాలను ఆ గడిలో నివసించే జనాభాతో భాగిస్తారు. బస్ స్టేషన్, ఆసుపత్రి ఉన్న గడిలో కాపురముండేవాళ్ళు కొద్దిమంది. రోజూ వచ్చిపోయేవాళ్ళు వేలమంది. ప్రయాణికుడి జేబు కొట్టేసినా ఆ లెక్క అక్కడ ఇల్లున్న వాళ్ళ ఖాతాలోనే పడుతుంది. ప్రపంచంలో ఏ నగరం నడిబొడ్డును తీసుకున్నా ఇలా భాగిస్తే భయంకరంగానే కనిపిస్తుంది. దానికి తోడు, జరిగిన చోటు స్పష్టంగా లేని కేసులను పోలీస్ స్టేషన్ చిరునామా దగ్గర చూపిస్తామని నిబంధనల పేజీలో ఒక వాక్యం ఉంది. ఆ స్టేషన్ కూడా ఆ గడిలోనే ఉంది! రక్షణ కోసం పెట్టిన స్టేషనే ఆ వీధికి చెడ్డపేరు తెచ్చిపెడుతోంది.

ఇలాంటి పొరపాటు పెద్ద పోలీసు శాఖలకే జరిగింది. 2009లో లాస్ ఏంజెలెస్ పోలీసుల ఆన్‌లైన్ నేరాల మ్యాప్‌లో, ఏకంగా నగరపాలక భవనం దగ్గరి ఒక చోటు నగరంలోకెల్లా ఎక్కువ నేరాలు జరిగే స్థలంగా తేలింది. తీరా చూస్తే, కంప్యూటర్ గుర్తించలేని చిరునామాలన్నింటినీ తెచ్చి ఆ ఒక్క చోటనే పడేసింది. అక్కడి పత్రిక పట్టుకోబట్టి విషయం బయటికి వచ్చింది. మా నగరంలోని ఆ వీధి గురించి ఏ పత్రిక రాస్తుంది?

ఎరుపు సంగతి ఇలా ఉంటే, ఆకుపచ్చను ఇంకా ఎక్కువ అనుమానించాలి. మ్యాప్‌కు ఎక్కేవి జరిగిన నేరాలన్నీ కావు. ఎవరో వెళ్ళి చెబితే, ఇంకెవరో రాసుకుంటే మిగిలినవి. ఈ తేడా తెలిసే అమెరికాలో 1973 నుంచి, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1982 నుంచి పోలీసు లెక్కలతో పని లేకుండా ఇళ్ళకు వెళ్ళి, మీకేమైనా జరిగిందా అని నేరుగా అడిగే సర్వేలు నడుపుతున్నారు. రాసుకున్న వాటిలో కూడా లెక్కపెట్టే తీరు ఒక్కలా ఉండదు. భారతదేశంలో దేశవ్యాప్త నేరాల లెక్కలు సేకరించే ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా ఇచ్చే గణాంకాల్లో, ఒకే కేసులో అనేక నేరాలుంటే అన్నింటికన్నా తీవ్రమైనది ఒక్కటే లెక్కలోకి వస్తుంది. ఫిర్యాదులు చక్కగా రాసుకునే స్టేషన్ పరిధి ఎర్రబడుతుంది. వచ్చినవాళ్ళను వెనక్కి పంపే స్టేషన్ పరిధి పచ్చగా కళకళలాడుతుంది. యాప్ ఈ ముక్క ఎక్కడా చెప్పదు. ఒక్క వాక్యం చాలు కదా, రంగుల పక్కన పెట్టడానికి.

నాకు నిజంగా కోపం తెప్పించినది నివాసుల వ్యాఖ్యల విభాగం. ఆ ఎరుపు గడి కింద నలభైకి పైగా వ్యాఖ్యలున్నాయి. అన్నీ చదివాను. నాకు ఫలానాది జరిగింది అని చెప్పినవి నాలుగు. మిగతావన్నీ ‘ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఉంటున్నారు’, ‘వాతావరణం బాగుండదు’, ‘కుటుంబాలకు తగదు’ వంటివి. ఇవి నేరాల గురించి చెప్పిన మాటలు కావు, మనుషుల గురించి చెప్పిన మాటలు. లింకన్ క్విలియన్, దేవా పేజర్ అనే ఇద్దరు సమాజ శాస్త్రవేత్తలు షికాగో, సియాటిల్, బాల్టిమోర్ సర్వేలను పరిశీలించి 2001లో ప్రచురించిన పరిశోధన గుర్తుకు వచ్చింది. ఒక పేటలో నల్లజాతి యువకుల శాతం ఎక్కువగా ఉంటే, అసలు నేరాల రేటును లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, అక్కడ నేరాలు ఎక్కువని జనం అనుకుంటున్నారని వాళ్ళు తేల్చారు. మనుషులు వేరు, ఊళ్ళు వేరు. చూపు మాత్రం ఒకటే. ఆ చూపును యాప్ ‘స్థానికుల అభిప్రాయం’ అని పేరు పెట్టి మార్కుల్లో ఇరవై శాతం కలుపుతోంది. వెంటనే తీసేయవలసిన విభాగం ఇది. ఆ మాటలు కలిసిన మార్కులు చూసి ఇల్లు వదులుకున్నవాళ్ళలో నేనూ ఉన్నానని తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

హెచ్చరికల గురించి కూడా చెప్పాలి. అడక్కుండానే రోజుకు ఆరేడు సందేశాలు: మీకు మూడు కిలోమీటర్ల దూరంలో గొలుసు దొంగతనం, ఐదు కిలోమీటర్ల దూరంలో కొట్లాట. రెండో వారానికి అమ్మ సాయంత్రం నడక మానేసింది. చుట్టుపక్కల జరిగినదేమీ లేదు. జరిగినట్లు చెవిలో పడుతూ ఉండడమే కారణం. సులువుగా గుర్తుకు వచ్చేదే తరచుగా జరుగుతుందని మనసు లెక్కకడుతుందని 1973లోనే త్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. అమెరికాలో 1993 నుంచి 2022 దాకా హింసాత్మక నేరాల రేటు దాదాపు సగానికి పడిపోయింది. అయినా ఆ ఏళ్ళలో గాలప్ సంస్థ అడిగిన ప్రతిసారీ దాదాపుగా, దేశంలో నేరాలు పెరిగాయనే ఎక్కువమంది జవాబిచ్చారు. మా ఇంట్లోనూ జరిగింది అదే. హెచ్చరికలు ఆపే మీట కోసం మూడు పేజీలు వెతకవలసి వచ్చింది. ఆపిన పది రోజులకు అమ్మ మళ్ళీ చెప్పులు వేసుకుంది.

ఆకుపచ్చ ఇంటికి మేము చెల్లిస్తున్నది ఏమిటో యాప్‌లో ఏ రంగూ చూపదు. అమ్మాయికి బడి నుంచి యాభై నిమిషాల ప్రయాణం, రెండు బస్సులు, ఒక పెద్ద కూడలి. ప్రపంచం మొత్తం మీద 2021లో హత్యలకు గురైనవారు సుమారు 4,58,000 మంది అని ఐక్యరాజ్యసమితి లెక్క. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు సుమారు 11.9 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దొంగకు భయపడి అమ్మాయిని రోజూ ఆ రోడ్డు మీదికి పంపుతున్నది నేనే. బస్సు దిగాక ఇంటికి వచ్చే దారిలో రెండు వైపులా ప్రహరీ గోడలే. దుకాణం లేదు, కిటికీ లేదు, మనిషి అలికిడి లేదు. మ్యాప్‌లో అది ముదురు ఆకుపచ్చ. ఎవరూ నడవని దారిలో నేరం ఎవరి మీద జరుగుతుంది, ఎలా నమోదవుతుంది?

సహోద్యోగితో కలిసి ఒక రాత్రి తొమ్మిది గంటలకు ఆ ఎరుపు వీధికి వెళ్ళాను. మందుల దుకాణం తెరిచే ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చే నర్సులు ముగ్గురు మాట్లాడుకుంటూ నడిచి వెళ్తున్నారు. మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తున్నారు. మమ్మల్ని కూడా ఎవరి ఇంటికని అడిగారు. నేను వదులుకున్న ఇంటి కిటికీలో వెలుగుతున్న దీపం కనిపించింది. వేరే కుటుంబం వచ్చి చేరిందట.

ఇప్పుడు ఆ రెండు నక్షత్రాల సంగతి. మెనూలో అట్టడుగున ‘సమయం, రకం’ అని ఒక వడపోత ఉంది. అందులో ఇళ్ళలో దొంగతనాలు మాత్రమే, లేదా సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా దారిలో జరిగినవి మాత్రమే అని ఎంచుకుంటే మ్యాప్ రంగులు మారిపోతాయి. నగరం మొత్తం వేరే ఊరిలా కనిపిస్తుంది. మొదటి రాత్రే ఇది నాకు కనిపించి ఉంటే ఈ సమీక్ష ఇలా ఉండేది కాదు. యాప్ తయారుచేసినవారిని వేడుకుంటున్నాను: తెరవగానే రంగులు చూపకండి, మీరు దేనికి భయపడుతున్నారని ముందు అడగండి. ముసలితల్లి ఉన్న ఇంటి భయం వేరు, రాత్రి పని ముగించుకుని వచ్చే మనిషి భయం వేరు. డబ్బు కట్టి తీసుకునే నివేదికలో ఇది ఉంటుందేమోనని అది కూడా కొన్నాను; అవే రంగులు, ఇంకొన్ని పేజీల్లో. దాని జోలికి వెళ్ళకండి. ఆడవాళ్ళకు ఇంకొక మాట: 2022లో ప్రపంచవ్యాప్తంగా హత్యకు గురైన సుమారు 89,000 మంది స్త్రీలు, బాలికల్లో సగానికి పైగా సొంత కుటుంబ సభ్యులు, భాగస్వాముల చేతుల్లోనే పోయారు. తలుపు లోపలి సంగతికి ఏ మ్యాప్‌లోనూ రంగు లేదు.

గత నెల మా అమ్మాయి సైకిల్ పోయింది. పట్టపగలు, గేటు లోపలి నుంచి. పాత సైకిల్, స్టేషన్ దూరం, సగం రోజు సెలవు పోతుందని నేను ఊరుకున్నాను. మూడు రోజుల తరువాత యాప్ తెరిస్తే మా గడి ఎప్పటిలాగే పచ్చగా ఉంది. నేను చెప్పకపోతే ఎలా మారుతుంది? మర్నాడు సెలవు పెట్టి వెళ్ళి ఫిర్యాదు రాసి ఇచ్చాను. చుక్క ఒక్కటే పడితే చూసినవాళ్ళు వేరేగా అనుకుంటారని కింద వ్యాఖ్య కూడా రాశాను: సైకిల్‌కు తాళం వేయలేదని, పగలు పదకొండు గంటల వేళ పోయిందని, బస్సు దిగి వచ్చే దారిలో మూడు దీపాలకు ఒకటే వెలుగుతుందని, ఆ సాయంత్రం చీకటి పడేదాకా పొరుగింటివాళ్ళు నలుగురూ మాతో పాటు వెతికారని. వ్యాఖ్యకు రెండు వందల అక్షరాలే ఇస్తారు. పొరుగింటివాళ్ళ సంగతి పట్టలేదు.