కైర్న్స్ నుంచి కరుంబా: పిల్లలతో గుడారం, గాలం

గోదావరి జిల్లాల్లో మనం పండుగప్ప అనే చేపే ఆస్ట్రేలియాలో బారముండి. దానికి పేరుపడ్డ ఊరు కరుంబా. క్వీన్స్‌లాండ్‌లో కార్పెంటేరియా సింధుశాఖ ఒడ్డున, కైర్న్స్‌కు సుమారు 750 కిలోమీటర్ల దూరంలో ఉంది. దారంతా తారు రోడ్డే కాబట్టి మామూలు కారు చాలు. పిల్లలుంటే ఒక్క రోజులో చేరాలని చూడకండి, జార్జ్‌టౌన్ దగ్గర ఒక రాత్రి ఆగండి. కొన్నిచోట్ల తారు ఒక బండి పట్టేంత వెడల్పే ఉంటుంది. ఎదురుగా రోడ్ ట్రైన్ (వెనుక రెండు మూడు ట్రైలర్లు తగిలించిన పొడవాటి లారీ) వస్తే అది పక్కకు దిగదు, మీరే దిగి ఆగాలి. పొద్దుగూకాక కంగారూలు, పశువులు రోడ్డెక్కుతాయి, కాబట్టి వెలుతురుండగానే బస చేరాలి. క్రోయ్‌డన్‌లో ట్యాంకు నింపండి, అక్కడి నుంచి నార్మన్‌టన్ దాకా 150 కిలోమీటర్లు బంకు లేదు.

అక్కడ చలికాలంలో వచ్చే జూన్, జులై బడి సెలవులు వాతావరణానికి మంచివే, కానీ పండుగప్పకు కావు. నీళ్లు చల్లబడితే అది మందగిస్తుంది. ఆ నెలల్లో గ్రంటర్, బ్లూ సామన్ అనే చేపల మీద ఆశ పెట్టుకోవడం మేలు. పండుగప్పే కావాలంటే వానలు తగ్గి రోడ్లు తెరుచుకున్నాక ఏప్రిల్‌లో, లేదా సెప్టెంబరులో వెళ్లండి. సింధుశాఖలో అక్టోబరు 7 నుంచి ఫిబ్రవరి 1 వరకు దాన్ని పట్టడం నిషేధం. మిగతా రోజుల్లో కూడా 58 సెంటీమీటర్ల కంటే చిన్నదాన్ని, 120 దాటినదాన్ని నీళ్లలోకి వదిలేయాలి.

బసకు నా ఓటు కరుంబా పాయింట్ వైపున్న కారవాన్ పార్కులకే (గుడారాలు, బస బండ్లు నిలుపుకునే అద్దె స్థలాలు). ఇసుక ఒడ్డు నడిచేంత దూరం, స్నానాలకు వేడినీళ్లు, చేపలు శుభ్రం చేసుకునే బల్లలు ఉంటాయి. చలికాలమంతా ఆస్ట్రేలియా దక్షిణాది నుంచి వచ్చిన విశ్రాంత దంపతులతో నిండిపోతాయి కాబట్టి నెలల ముందే బుక్ చేసుకోవాలి. సాయంత్రం ఇసుక దోమలు పిల్లల్ని వదలవు, పొడుగు చేతుల చొక్కాలు తప్పనిసరి. నార్మన్‌టన్‌లో ఆసుపత్రి, కిరాణా ఉన్నాయి గానీ అక్కడ దిగి రోజూ ఒక్కో వైపు 70 కిలోమీటర్లు తిరగడం దండగ. బర్క్‌టౌన్ దారిలో లైకార్ట్ జలపాతం దగ్గర ఉచితంగా గుడారం వేసుకోవచ్చు. చోటు అద్భుతం, కానీ తాగునీటితో సహా అన్నీ మీరే మోసుకెళ్లాలి. చిన్నపిల్లలుంటే వద్దంటాను.

కరుంబాలో సాధారణంగా రోజుకు ఒకే పోటు, ఒకే పాటు. తేదీలు ఖాయం చేసే ముందే పోటుపాట్ల పట్టిక చూడండి. పోటు ఎక్కే చివరి రెండు గంటలు, పాటు మొదలైన తొలి గంట చేపలు బాగా తగులుతాయి. నీళ్లు కదలకుండా నిలిచిపోయిన రోజుల్లో ఎంతసేపు కూర్చున్నా లాభం లేదు. పోటు చీకట్లో వచ్చే వారమైతే పిల్లలతో ఒడ్డు గాలానికి పనికిరాదు.

సామాను సాదాగా చాలు. జారే సీసం గుండు, 5/0 గాలం, ఎరగా రొయ్య గానీ బతికున్న చిన్న మల్లెట్ చేప గానీ. పండుగప్ప మొప్పల అంచు కత్తిలా ఉండి సన్న దారాన్ని తెంపేస్తుంది. అందుకే చివరి మీటరు 40 నుంచి 60 పౌండ్ల బరువు ఆపే దారం కట్టాలి.

ఇక్కడ ఉప్పునీటి మొసళ్లున్నాయి. నీటి అంచుకు 5 మీటర్లు, గుడారానికైతే 50 మీటర్లు ఎడం పాటించండి. చేప దగ్గరికొచ్చాక వంగి పట్టుకోవద్దు, వెనక్కి నడుస్తూ ఇసుక మీదికి లాగండి. గాలం చిక్కుకుంటే నీళ్లలోకి దిగకుండా దారం కోసేయండి. పేగులు, పొలుసులు ఒడ్డున పారేస్తే మొసలి అక్కడికి రావడం అలవాటు చేసుకుంటుంది. రోజూ ఒకేచోట నిలబడటం కూడా ప్రమాదమే.

బ్లూ సామన్ మాంసం మెత్తన. పట్టగానే మొప్పలు కోసి రక్తం కార్చి, ఐసు కలిపిన ఉప్పునీళ్లలో ముంచకపోతే గంటలోనే పాడవుతుంది. పులుసులో అది చిదురవుతుంది, వేపుడే చేయండి. పులుసుకు గ్రంటర్ ముక్క గట్టిగా నిలుస్తుంది. మండ పీతలకు బుట్టలు వేస్తే మనిషికి 4 దాకా వేయొచ్చు, ప్రతిదానికీ పేరు, చిరునామా కట్టాలి. పొట్ట కింద మూత సన్నగా ఉన్న మగవాటినే, అదీ 15 సెంటీమీటర్ల వెడల్పు ఉంటేనే ఉంచుకోవాలి. ఆడ పీత ఎంత పెద్దదైనా వదిలేయాల్సిందే.