కిర్గిజ్‌స్తాన్ కొండల్లో పెట్రోల్ స్టవ్: సైకిల్ మీద చాలాకాలం వాడాక నా సమీక్ష

కిర్గిజ్‌స్తాన్‌లో సైకిల్ తొక్కుతూ, నచ్చినచోట టెంట్ వేసుకుని తిరగాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది సైకిల్ గురించే. ఏ ఫ్రేము, ఎన్ని గేర్లు, ఎంత లావు టైరు అని. రెండంగుళాలకు తగ్గని టైరు, ఎత్తెక్కేటప్పుడు తేలిగ్గా తొక్కనిచ్చే గేరు ఉంటే అక్కడి కంకర రోడ్లకు సరిపోతుంది. నేను మాత్రం స్టవ్ గురించి ఎక్కువ చెబుతాను. సాయంత్రం ఎక్కడ ఆగాలన్నది మన చేతుల్లో ఉంటుందా, లేక తిండి దొరికే చోటుకి చీకట్లో కూడా తొక్కుతూ పోవాలా అన్నది అక్కడ స్టవ్ మీదే ఆధారపడి ఉంటుంది.

సోన్-కుల్ సరస్సు సంగతే తీసుకోండి. 3,016 మీటర్ల ఎత్తు. కొచ్కోర్ అనే ఊరి నుంచి వెళ్తే కల్మాక్-అషూ కనుమ ఎక్కి అక్కడికి దిగాలి. చుట్టూ కనుచూపు మేరా గడ్డే, చెట్టన్నది లేదు. వేసవిలో పశువులతో పైకొచ్చే కుటుంబాలు తమ గుండ్రటి గుడారాల్లో ఎండిన పేడే కాల్చుకుంటాయి. పుల్లలు ఏరి వంట చేద్దామంటే కుదరదు. గ్యాస్ డబ్బాలు విమానంలో తీసుకెళ్ళనివ్వరు. రాజధాని బిష్కెక్‌లో, కరకోల్ పట్టణంలో ట్రెక్కింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి కానీ, చిన్న ఊళ్ళలో వాటిని నమ్ముకోలేం. పెట్రోల్ అలా కాదు. నరిన్, అట్-బషి లాంటి ఊళ్ళలో బంకుకి వెళ్ళి, ముందే డబ్బు కట్టి, ఏఐ-92 అనే రకం పెట్రోల్ ఒక లీటరు పోయించుకుంటే చాలు. ఒక్కడి వంటకి నాకది సుమారు వారం వస్తుంది.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం స్టవ్‌లన్నీ దాదాపు ఒకే తీరున పనిచేస్తాయి. మన ఇళ్ళలో ఒకప్పుడుండే కిరసనాయిలు పంపు స్టవ్ గుర్తుందా, ఇది అచ్చం దాని మనవడు. బాటిల్లో పెట్రోల్ పోసి, పంపుతో గాలి కొట్టి, బర్నర్ కింద కొద్దిగా ఇంధనం వదిలి అంటించాలి. గొట్టం వేడెక్కాక లోపలి పెట్రోల్ ఆవిరిగా మారి నీలిమంట వస్తుంది. ఆ వేడెక్కే ఒకటి రెండు నిమిషాలు మంట పసుపుగా, ఎత్తుగా లేస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళకి టెన్షన్ తప్పదు. అందుకే టెంట్ లోపల గానీ, టెంట్ గుమ్మం దగ్గర గానీ దీన్ని వెలిగించకూడదు. అక్కడ జులైలో కూడా మంచు పడొచ్చు, బయటికి రాబుద్ధి కాదు. అయినా సరే బయటే వండుకోవాలి. నిప్పు భయం ఒకటైతే, వాసనే తెలియని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంకొకటి.

గాలికి ఇది నాకు బాగా నిలబడింది. చుట్టూ రేకు అడ్డం పెడితే సోన్-కుల్ ఒడ్డున మధ్యాహ్నం తర్వాత లేచే గాలిలోనూ నీళ్ళు మరిగాయి. ఇబ్బందల్లా సన్నటి మంటే. తగ్గిస్తే ఆరిపోతుంది, పెంచితే అడుగంటుతుంది. పైగా ఆ ఎత్తులో నీళ్ళు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు, ఇంధనం మాత్రం అయిపోతుంది. ఎర్ర పప్పు (మసూర్) నానబెట్టి వేస్తే ఉడుకుతుంది. బొంబాయి రవ్వ ఉప్మా అన్నిటికన్నా నయం. బియ్యం కూడా అరగంట ముందు నానబెట్టాలి. స్థానికంగా దొరికే గ్రెచ్కా అనే గింజలు బియ్యం కన్నా తొందరగా ఉడికాయి, చింతపండు పులుసుతో బాగా కలిశాయి.

సరుకుల విషయంలో బిష్కెక్‌లోనే జాగ్రత్తపడాలి. అక్కడ ఎంబీబీఎస్ చదివే మన తెలుగు పిల్లలు చాలామంది. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు నన్ను షాపుకి తీసుకెళ్ళి, "పైకి పోయినంక మాంసం తప్ప ఏం దొరకదన్నా, పప్పు, కారం ఇక్కడ్నే కొనుక్కొని పో" అన్నాడు. శాకాహారులు ఆ మాట అక్షరాలా పాటించాలి.

అలాగని రోజూ వండుకోవాల్సిన అవసరం రాదు. కాపరుల గుడారాలకి దగ్గర్లో ఆగితే ముందు వెళ్ళి అడగడం మర్యాద. అడిగినప్పుడల్లా నన్ను లోపలికి పిలిచి టీ, రొట్టె, మీగడ పెట్టారు. పులియబెట్టిన గుర్రం పాలు, కుముస్, గిన్నెడు ఇచ్చారు. రుచి పుల్లగా, కాస్త పొగ వాసనతో ఉంటుంది. వాళ్ళకి నా స్టవ్ మీద ఉప్మా చేసి పెట్టడం నాకెంతో ఇష్టమైన పని. ఇంకో సంగతి: పైనుంచి వచ్చే వాగు ఎంత తేటగా ఉన్నా, ఎగువన గొర్రెలు, గుర్రాలు ఉంటాయి. నీళ్ళు వడగట్టి గానీ మరిగించి గానీ తాగండి. మరిగించే లెక్కలో పెట్రోల్ ఇంకాస్త ఎక్కువ పెట్టుకోవాలి.

నిర్వహణ కష్టమేం కాదు కానీ మురికి పని. బంకు పెట్రోల్‌తో మసి ఎక్కువ. సన్నటి రంధ్రం మూసుకుపోతే సూదితో శుభ్రం చేయాలి. పంపు లోపలి తోలు వాషర్ ఎండిపోతే గాలి ఎక్కదు, రెండు చుక్కల నూనె రాస్తే సర్దుకుంటుంది. రబ్బరు రింగులు తప్పకుండా అదనంగా పట్టుకెళ్ళాలి, అవి అక్కడి ఊళ్ళలో నాకు దొరకలేదు. గిన్నెకో గుడ్డసంచి, స్టవ్‌కో సంచి విడిగా ఉండాలి. ఇంధనం బాటిల్ ఫ్రేము కింది గొట్టానికి, తిండి సంచులకి దూరంగా బిగించుకోండి.

అసలు చికాకు విమానాశ్రయంలో. వాడిన స్టవ్, బాటిల్ తీసుకెళ్ళనిస్తారా లేదా అన్నది విమాన సంస్థని బట్టి ఉంటుంది, ముందే రాసి అడగాలి. పెట్రోల్ అంతా వంపేసి, సబ్బునీళ్ళతో కడిగి, మూత తీసి బాగా ఆరబెట్టినా, వాసన ఉందంటూ ఒకసారి నా బాటిల్ తీసేసుకున్నారు. స్టవ్‌ని మాత్రం వదిలారు. బయల్దేరేముందే ఒక కొత్త బాటిల్ ఖరీదు కూడా బడ్జెట్‌లో వేసుకోండి.