పాత ఆర్‌ఎక్స్ 100కు ఏది మేలు: ఆయిల్ పంపా, పెట్రోలులో కలిపిన ఆయిలా?

పాత యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారు సైకిలు కొని ఇంటికి తెచ్చుకున్నవారు నాకు ఫోను చేసి అడిగేది చాలాసార్లు ఒకే ప్రశ్న: ఆయిల్ పంపును అలాగే ఉంచుకోవాలా, లేక తీయించేసి పాత చేతక్‌లకూ రాజదూత్‌లకూ కలిపినట్టు పెట్రోలులోనే 2టి (టూ-స్ట్రోక్ ఇంజన్ల) ఆయిల్ కలుపుకోవాలా? 1985లో మార్కెట్లోకి వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన టూ-స్ట్రోక్ బండి ఇది. ఇలాంటి ఇంజను లోపలి భాగాలకు తడి ఇచ్చే ఆయిల్ పెట్రోలుతో పాటే కాలిపోతుంది, దాన్ని వేరే చిన్న ట్యాంకు నుంచి ఇంజనుకు అందించేది ఈ పంపు. ఈ రోజు చేతికి వచ్చేవాటిలో అన్నిటికన్నా కొత్తది కూడా ముప్పై ఏళ్ల బండే కాబట్టి, అంత పాత పంపును నమ్మి ఇంజను ప్రాణం దాని చేతిలో పెట్టడమెలా అన్న భయం సహజమే. చాలామంది మెకానిక్కులు కూడా తీసేస్తే తలనొప్పి వదులుతుందనే చెబుతారు. నేను నిరుడు కొన్న 1994 మోడల్ బండికి పాత యజమాని అప్పటికే పంపు తీయించేశాడు. కొన్ని నెలలు అలాగే నడిపి, తరువాత పంపు తిరిగి పెట్టించుకుని, రెండు పద్ధతులనూ చూశాక ఇది రాస్తున్నాను.

ఈ రెంటి మధ్య తేడాను చాలామంది సౌకర్యం లెక్కన చూస్తారు. పంపు ఉంటే ప్రతిసారీ కలుపుకునే పని ఉండదు, లేకపోతే ఉంటుంది, అంతే అనుకుంటారు. నన్నడిగితే అసలు తేడా వేరే చోట ఉంది. కలిపిన ఆయిల్ పెట్రోలు ఎంత వెళ్తే దానికి తగ్గట్టు వెళ్తుంది. పంపు పోసే ఆయిల్ ఇంజను ఎంత వేగంగా తిరిగితే దానికి తగ్గట్టు వెళ్తుంది. పంపును తిప్పేది ఇంజనే. ఒక్కొక్క విడతకు ఎంత పోయాలో నిర్ణయించేది యాక్సిలరేటరు కేబుల్ నుంచి చీలి కిందికి వచ్చే రెండో తీగ. యాక్సిలరేటరు పూర్తిగా మూసినా పంపు ఆగదు. తన కనీస మోతాదును ఇంజను వేగానికి తగ్గట్టు పోస్తూనే ఉంటుంది.

దీని విలువ సమతలం రోడ్ల మీద తెలియదు, ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు తెలుస్తుంది. అరకు నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోట వైపు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా బండిని మూడో గేరులో పెట్టి, యాక్సిలరేటరు వదిలేసి, ఇంజను పట్టు మీదే మలుపు తరువాత మలుపు దిగుతాం. ఆ సమయంలో ఇంజను గట్టిగానే తిరుగుతూ ఉంటుంది, కానీ కార్బొరేటరులో (పెట్రోలును గాలితో కలిపే భాగంలో) గాలి దారిని తెరిచి మూసే స్లైడు మూసుకుని ఉండడం వల్ల పైలట్ జెట్టు అనే సన్నని రంధ్రం గుండా వచ్చే కొద్దిపాటి పెట్రోలు తప్ప లోపలికి ఏమీ రాదు. ఆయిల్ పెట్రోలులోనే కలిసి ఉన్నప్పుడు ఆ కొద్దిపాటి పెట్రోలుతో పాటు వచ్చే ఆయిల్ ఎంత? అప్పుడు భారం ఉండదు, మంట ఉండదు, పిస్టను కిందుండే క్రాంకు పెట్టెలో పాత ఆయిల్ తడి ఎలాగూ మిగిలి ఉంటుంది కాబట్టి ప్రమాదమేమీ లేదని వాదించేవారున్నారు, ఆ వాదనలో కొంత నిజమూ ఉంది. అయినా కిలోమీటర్ల తరబడి అలా దిగడం వేరు, ఊళ్లో ఒక వంతెన దిగడం వేరు. ఆయిల్ కలుపుకుని నడిపిన పాతతరం వాళ్లు దిగుడులో మధ్యమధ్య క్లచ్ పట్టి ఒకసారి యాక్సిలరేటరు ఇచ్చి వదిలేవారు. ఆ అలవాటు ఊరికే రాలేదు. పంపు ఉన్న బండికి ఆ జాగ్రత్త అంతగా అవసరం లేదు.

రెండో విషయం, నా దృష్టిలో దీనంత ముఖ్యమైనది, మిశ్రమం పలచబడడం, అంటే వచ్చే గాలికి తగినంత పెట్రోలు అందకపోవడం. పంపు పోసే ఆయిల్ కార్బొరేటరు జెట్ల గుండా వెళ్లదు, దాటాక కలుస్తుంది. అందువల్ల ఈ బండికి కంపెనీ పెట్టిన జెట్టు ఉత్త పెట్రోలును లెక్కించి పెట్టినది. లీటరుకు 30 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపితే ఆ జెట్టు గుండా వెళ్లేదానిలో సుమారు 3 శాతం పెట్రోలు స్థానంలో ఆయిల్ వెళ్తుంది, గాలి మాత్రం అంతే వస్తుంది. 3 శాతమేగా అనిపిస్తుంది. అయితే ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఉత్త పెట్రోలు ఒక పాలు కాలడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాలుకు 9 పాళ్లు చాలు. ఈ మిశ్రమానికి ఆ లెక్క 13.5 దగ్గరకు దిగుతుంది. అంటే పాత జెట్టుతో ఇప్పటి పెట్రోలు పోస్తేనే ఇంజనుకు దాదాపు 8 శాతం పలచని మిశ్రమం అందుతోంది, దాని మీద ఆయిల్ వల్ల మరో 3 శాతం. గాలితో మాత్రమే చల్లబడే 98 సీసీ ఇంజను, ఏప్రిల్ ఎండలో, ఇద్దరిని ఎక్కించుకుని హైవే మీద గట్టిగా పోతున్నప్పుడు ఆ పది శాతం తేడా చాలా పెద్దది, ఎందుకంటే పలచని మిశ్రమంతో ఇంజను ఎక్కువగా వేడెక్కుతుంది. ఆయిల్ ఎక్కువ కలిపితే ఇంజనుకు చల్లదనమని నమ్మి 50 మిల్లీలీటర్లు పోసేవారు మిశ్రమాన్ని మరింత పలచబరుస్తున్నారు. ఆయిల్ కలుపుకునే పద్ధతికి మారేవారు మెయిన్ జెట్టు (గట్టిగా పోయేటప్పుడు పెట్రోలు వచ్చే పెద్ద రంధ్రం) కనీసం ఒక సైజు పెంచి, నాలుగో గేరులో పూర్తి యాక్సిలరేటరు మీద కొంతదూరం పోయి, ఒక్కసారిగా ఇంజను ఆపి క్లచ్ పట్టి పక్కకు తీసి, ప్లగ్గు రంగు చూసుకోవాలి. లేత గోధుమరంగు ఉంటే సరే, తెల్లగా ఉంటే జెట్టు ఇంకా పెంచాలి. పంపు ఉంచుకున్నవారికి కూడా ఇప్పటి పెట్రోలుతో ఈ పరీక్ష తప్పదు, కాకపోతే వారు మొదలుపెట్టే చోటు మెరుగ్గా ఉంటుంది.

పంపు తీసేసిన తీరు సరిగా లేకపోతే ఏమవుతుందో నా బండే నాకు చూపించింది. కొన్న రెండో వారంలో, నాలుగో గేరులో పోతుండగా ఒక్కసారి వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టయి, వెనక చక్రం కీచుమంటూ ఈడ్చుకుపోయింది. క్లచ్ పట్టబట్టి పడలేదు. ఇంజను పట్టేసింది, అంటే పిస్టను వేడికి ఉబ్బి సిలిండరులో బిగుసుకుపోయింది. ట్యాంకులో ఆయిల్ సరిపడానే కలిపి ఉంది, కొలిచి పోసింది నేనే. విప్పి చూస్తే పంపు నుంచి కార్బొరేటరు వైపు వెళ్లే సన్నని రబ్బరు గొట్టాన్ని బెత్తెడు పొడవున కోసి, చివర ఒక మర మేకు బిగించి వదిలేశారు. ఆ గొట్టం ఎండి, మేకు మొదట్లో వెంట్రుకవాసి పగులు వచ్చింది. ఆ పగులు గుండా లోపలికి పోయిన గాలే పిస్టను పట్టేయడానికి కారణం. అంతకుముందు నాలుగు రోజులుగా యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం వెంటనే దిగకపోవడం గమనించాను గానీ, కేబుల్ బిగుసుకుందనుకున్నాను. పంపు తీయించిన బండి కొన్నవారు ముందుగా చూడవలసింది కార్బొరేటరు వైపు ఆ గొట్టం చేరే చిన్న రంధ్రాన్నే. దాన్ని సరైన మూతతో గాలి చొరబడకుండా మూయాలి. పంపును విప్పకుండా ఆయిల్ మాత్రం ఆపేసిన బండ్లు కూడా ఉంటాయి. అలా ఆయిల్ లేకుండా తిరిగే పంపు లోపల అరిగిపోయి, దాన్ని తిప్పే ప్లాస్టిక్ పళ్లచక్రం ముక్కలై గేరు ఆయిల్లో కలుస్తుంది. తీస్తే పూర్తిగా తీసి, ఆ చోట ప్లేటు వేయించాలి.

ఇక బంకు దగ్గరి సంగతి. మనలో చాలామంది పెట్రోలు లీటర్లలో కొట్టించుకోరు, రూపాయల్లో కొట్టించుకుంటారు. రెండు వందలకు ఎన్ని లీటర్లు వచ్చిందో, దానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆయిల్ పోయాలో వెనక హారన్లు మోగుతుండగా లెక్క వేసేవారు తక్కువ. పైగా పెట్రోలు పోశాక ఆయిల్ పోస్తే అది వెంటనే కలవదు. బరువుగా అడుగుకు దిగి ట్యాప్ దగ్గర చేరుతుంది, మొదటి కిలోమీటరు ప్లగ్గు తడిసి బండి మొరాయిస్తుంది, తరువాత వచ్చే పెట్రోలులో ఆయిల్ తక్కువ. ముందు ఆయిల్ పోసి, దాని మీద పెట్రోలు పడేలా చేస్తే చాలావరకు కలుస్తుంది. ఇంట్లో తమ్ముడో బావమరిదో బండి తీసుకెళ్లి మంచి మనసుతో ట్యాంకు నింపించి తెచ్చే ఇళ్లలో ఈ పద్ధతి మరీ ప్రమాదం. వాళ్లు నింపించేది ఉత్త పెట్రోలే. వానాకాలం, సముద్రతీరం ఊళ్లు, నెలల తరబడి నిలిపి ఉంచే బండి, ఈ మూడూ కలిస్తే ఇథనాల్ తేమను పీల్చుకుని నీటితో పాటు ట్యాంకు అడుగున వేరుగా పేరుకోవచ్చు. ఆ పొరలో ఆయిల్ సరిగా కలవదు, ఇంజను మొదట తాగేది ఆ పొరనే.

కలిపే పద్ధతికి ఉన్న మంచిని తక్కువ చేయను. పంపు చెడితే చెప్పి చెడదు. ఆయిల్ ట్యాంకు ఖాళీ అయినా, గొట్టంలో గాలి బుడగ చేరినా, పళ్లచక్రం పన్ను విరిగినా ఇంజను పట్టేసేదాకా మనకు తెలియకపోవచ్చు. కలిపిన పెట్రోలుతో బండి కదులుతోందంటే ఆయిల్ అందుతోందని ధైర్యం. రీబోరు చేయించిన (సిలిండరు లోపలి గోడను కొత్తగా చెక్కించిన) ఇంజనుకు మొదటి రెండు ట్యాంకులూ పంపు పనిచేస్తున్నా లీటరుకు 10 మిల్లీలీటర్లు కలపడం నేనూ పాటించాను. పోర్టింగ్ చేయించి (సిలిండరులోని గాలి దారులను మార్పించి), ఎక్స్‌పాన్షన్ చాంబరు సైలెన్సరు పెట్టి, పెద్ద కార్బొరేటరు వేసి పోటీలకు సిద్ధం చేసే ఇంజనుకైతే కంపెనీ పంపు మోతాదు చాలదు, అక్కడ కలుపుకోవడమే సరి. అమెరికాలో సెకండ్ హ్యాండ్ యమహా బ్లాస్టర్ అనే నాలుగు చక్రాల బండి కొని ఇసుక దిబ్బల్లో తోలే మనవాళ్లు కూడా ఇదే ప్రశ్న అడుగుతుంటారు. అదీ గాలితో చల్లబడే, ఆయిల్ పంపుతో వచ్చిన టూ-స్ట్రోక్ ఇంజనే. అక్కడ వాడకం చాలావరకు పూర్తి యాక్సిలరేటరు మీదే కాబట్టి, కలుపుకునేవారిని తప్పుపట్టలేను.

పొగ ఎక్కువ వస్తోందని పంపు తీయించేవారికి మాత్రం ఒక మాట చెప్పాలి. చాలాసార్లు ఆ పొగకు కారణం పంపు కాదు, క్లచ్ వైపున్న క్రాంకు సీలు (ఇంజను ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు వలయం). అది అరిగితే ఇంజను గేరు ఆయిలును లోపలికి లాగి కాలుస్తుంది. గేరు ఆయిల్ మట్టం చూసి గుర్తు పెట్టుకుని, వెయ్యి కిలోమీటర్ల తరువాత మళ్లీ చూడండి. బయట ఎక్కడా చుక్క కారకుండానే మట్టం తగ్గితే దోషం సీలుది. కరెంటు పుట్టించే మాగ్నెట్ వైపు సీలు పోతే పొగ రాదు, గాలి వస్తుంది, అది ఇంకా ప్రమాదం. పాత బండి కొన్న వెంటనే పంపు గురించి ఆలోచించే ముందే ఈ రెండు సీళ్లూ మార్పించడం మంచిది. రాత్రి నిలిపిన బండి పొద్దున్న కిక్కు కొట్టగానే వీధంతా పొగ కమ్మి, రెండు నిమిషాల్లో తగ్గిపోతే అది పంపు వాల్వు నుంచి ఆయిల్ రాత్రంతా లోపలికి జారడం వల్ల కావచ్చు.

రెండు పద్ధతులనూ జీవితాంతం కలిపి నడపాలనేవారున్నారు, రోడ్డు మీద తిరిగే మామూలు ఇంజనుకు అది ప్లగ్గునూ సైలెన్సరునూ మసిబార్చడానికే తప్ప ఉపయోగపడదు. ఆముదం ఆధారంగా తయారైన రేసింగ్ ఆయిళ్లు రోజువారీ బండికి వద్దు, లోపల జిగురు కడుతుంది. ఫోర్-స్ట్రోక్ ఇంజను ఆయిలును పెట్రోలులో కలపడం అసలే వద్దు. పడవ ఇంజన్లకు అమ్మే టీసీ-డబ్ల్యూ3 రకం నీటితో చల్లబడే ఇంజన్లది, మనది కాదు. డబ్బా మీద జాసో (జపాను ఆయిల్ నాణ్యతా ప్రమాణం) ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ ఉంటే చాలు.

పంపు ఉంచుకునేవారు, తిరిగి పెట్టించుకునేవారు మొదటి రోజు చేయవలసిన పని ఒకటుంది. కుడివైపు క్లచ్ మూత ముందుభాగంలో ఉన్న చిన్న మూత విప్పితే పంపు కనిపిస్తుంది. గాలి తీసే మరను వదులు చేసి, కింద గుడ్డ పెట్టి, బుడగలు పోయి ఆయిల్ తెగని ధారగా వచ్చేదాకా ఆగాలి. నా బండికి అది పావుగంట పట్టింది. మొదట ఒక్కొక్క చుక్క, దాని వెనక ఆవగింజంత బుడగ, మళ్లీ చుక్క. తరువాత తీగ సర్దుబాటు: బండి మాన్యువల్ పుస్తకంలో చెప్పిన యాక్సిలరేటరు స్థానంలో పంపు చక్రం మీది గీత, పక్కనున్న గుర్తుకు సరిగా ఎదురుగా రావాలి. పాత ఆయిల్ గొట్టాలు గట్టిపడి ఉంటాయి కాబట్టి కొత్తవి వేసి క్లిప్పులు మార్చాలి. పళ్లచక్రం అరిగి ఉంటే మార్చకుండా నడపకూడదు. ఈ పని జరిగాక మొదటి ట్యాంకు పెట్రోలులో లీటరుకు 20 మిల్లీలీటర్లు కలుపుకుని, ఆయిల్ ట్యాంకును ఒక గుర్తు దాకా నింపి, సుమారు 300 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ ఆ గుర్తు దాకా పోయడానికి ఎంత పట్టిందో కొలగ్లాసుతో కొలవాలి. నా బండికి ఏడున్నర లీటర్ల పెట్రోలుకు 160 మిల్లీలీటర్లు పట్టింది, అంటే లీటరుకు 21. ఆ కొలత వచ్చిన రోజు నుంచి నేను ట్యాంకులో ఏమీ కలపడం లేదు. ప్రతి ఆదివారం ఆయిల్ మట్టం చూస్తాను, తగ్గిన మేర పోస్తాను. ఏ వారమైనా అది ఎప్పటిలా తగ్గకపోతే బండిని కదిలించను.